నకలు తీసే విద్య

ఒక గ్రంథం చిరకాలం నిలవాలంటే దానికి మరొక ప్రతి ఉండాలి. ఈ సత్యాన్ని పూర్వులు అనుభవంతో గ్రహించారు. తాటాకు తేమకు చెడుతుంది; చెదలకు, పురుగులకు ఆహారమవుతుంది. అందుచేత ఆకులు శిథిలం కాకముందే లేఖకులు ఘంటం చేతబట్టి కొత్త ఆకులపై మరొక ప్రతిని వ్రాసేవారు. గ్రంథం ముగిసిన తరువాత, తమ చేతి వల్ల జరిగిన దోషాలను మన్నించవలసిందిగా పండితులను వేడుకొనడం వారిలో చాలామందికి ఆచారం. ఆ వేడికోలులో వినయంతో పాటు భయం కూడా ఉంది. నకలు తీసే వానికి రెండు భయాలు: ఏదైనా విడిచిపోతుందేమో, ఏదైనా మారిపోతుందేమో.

పందొమ్మిదవ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు గ్రంథాల సేకరణకు పూనుకొన్నప్పుడు ఈ రెండు భయాలనూ ఎదుర్కొన్నాడు. ఒకే పద్యం ఒక్కొక్క ప్రతిలో ఒక్కొక్క విధంగా కనిపించేది. ఆయన కడపలో పండితులను, లేఖకులను నియమించి, అనేక ప్రతులను పక్కపక్కన ఉంచి సరిపోల్చి, పాఠభేదాలను గుర్తింపజేశాడు. 1829లో వెలువడిన వేమన పద్యాల సంపుటి ఇటువంటి శ్రమకు ఫలితమే. నకలు తీయడం ఎంత ముఖ్యమో, తీసిన నకలును మూలంతో సరిచూడడం అంత ముఖ్యమని ఆయన కృషి నిరూపించింది.

నేడు గ్రంథాలు, పాటలు, చిత్రాలు కంప్యూటరులో ఫైళ్ళుగా ఉంటున్నాయి. ఫైళ్ళను అమర్చిపెట్టే అరను డైరెక్టరీ లేదా ఫోల్డరు అంటారు. మాధ్యమం మారినా పాత భయాలు పోలేదు. డిస్కు ఒక్క క్షణంలో పాడుకావచ్చు. వేల ఫైళ్ళను నకలు చేస్తుండగా విద్యుత్తు పోవచ్చు. ఎన్ని ఫైళ్ళు చేరాయి, ఎన్ని చేరలేదు, చేరినవి సరిగా ఉన్నాయా అన్నది కంటితో చూసి చెప్పడం అసాధ్యం. ఈ పనికోసం రూపొందిన సాధనాలలో ప్రసిద్ధమైనది ఆర్‌సింక్. ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరస్ దీనిని 1996లో లోకానికి అందించారు. దీనికి బొమ్మలు, మీటలు ఉండవు. ఆజ్ఞను అక్షరాలలో టైపు చేస్తే చాలు, పని మొదలవుతుంది. ఇటువంటి వాటిని కమాండ్ లైన్ సాధనాలంటారు. ఆర్‌సింక్ లినక్స్‌లోనూ, మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. సిగ్విన్ వంటి అనుబంధాల సాయంతో విండోస్‌లోనూ నడుస్తుంది.

దీని పనితీరు ఒక ఉదాహరణతో తేటపడుతుంది. కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ మంజీరా నదీ ప్రాంతపు పట్టణం. 1923, 1931 సంవత్సరాల మధ్య మంజీరాపై నిర్మించిన నిజాంసాగర్ ఈ ప్రాంతపు వరి సాగుకు ఆధారం. వరి ఉన్నచోట నాటు పాట ఉంటుంది; తెలంగాణ పల్లె గనుక బతుకమ్మ పాట ఉంటుంది. నాట్లు వేసే యంత్రాలు వచ్చిన కొద్దీ పొలంలో పాట తగ్గుతున్నది. బాన్సువాడలోని జూనియర్ కళాశాల విద్యార్థులు చుట్టుపక్కల గ్రామాల వృద్ధ స్త్రీల నోట ఈ పాటలను విని, నమోదు చేసి, కళాశాల కంప్యూటరులో ‘రైతు పాటలు’ అనే ఫోల్డరులో భద్రపరిచారని భావించవచ్చు. పాడిన వారు రేపు లేకపోవచ్చు. అప్పుడు ఆ పాటకు ఆ ఫైలే ఏకైక ఆధారం. కనుక వారు ప్రతివారం ఆ ఫోల్డరు నకలును హైదరాబాదులోని మరొక కంప్యూటరుకు పంపాలని సంకల్పించారనుకోవచ్చు.

సీడీ నాణ్యతతో, కుదించకుండా నమోదు చేసిన ఒక గంట పాట సుమారు 635 మెగాబైట్ల స్థలాన్ని ఆక్రమిస్తుంది. ఇటువంటివి నూరు ఉంటే, ప్రతివారం అన్నింటినీ మళ్ళీ పంపడం వృథా. ఆర్‌సింక్ మొదట రెండు చోట్ల ఉన్న ఫైళ్ళ పరిమాణాన్ని, చివరిసారి మార్చిన సమయాన్ని పోల్చుతుంది. రెండూ సమానమైన ఫైళ్ళను విడిచిపెట్టి, కొత్తవాటిని, మారినవాటిని మాత్రమే పనిలోకి తీసుకొంటుంది. అందువల్లనే మధ్యలో విద్యుత్తు పోయినా నష్టం స్వల్పం. అదే ఆజ్ఞను మళ్ళీ ఇస్తే అప్పటికే చేరిన ఫైళ్ళను దాటవేసి మిగిలినవాటిని పూర్తిచేస్తుంది.

దీని అసలు ప్రతిభ మారిన ఫైలు విషయంలో వెల్లడవుతుంది. ఒక పాట మొదట్లో, పాడినవారి ఊరు, తేదీ తెలిపే కొన్ని క్షణాల మాటను విద్యార్థులు కొత్తగా చేర్చారనుకుంటే, తరువాతి భాగమంతా యథాతథంగానే ఉన్నా తన స్థానం నుండి ముందుకు జరిగిపోతుంది. ఒక పుస్తకం మొదట్లో కొత్త పుట చేర్చితే మిగిలిన పుటల సంఖ్యలన్నీ మారినట్లే ఇది. స్థానాన్ని బట్టి పోల్చితే ఫైలంతా మారినట్లు తోస్తుంది. అప్పుడు మొత్తం మళ్ళీ పంపవలసి వస్తుంది.

ఈ చిక్కును ఆర్‌సింక్ ఇలా విడదీస్తుంది. హైదరాబాదులోని కంప్యూటరు తన వద్ద ఉన్న పాత ఫైలును సమాన భాగాలుగా విభజించి, ప్రతి భాగానికి రెండు గుర్తింపు సంఖ్యలను లెక్కిస్తుంది. మొదటిది తేలికగా లెక్కించదగినది. రెండవది శ్రమతో లెక్కించవలసినదైనా ఎక్కువ నమ్మదగినది. పాటను కాక, ఈ సంఖ్యలను మాత్రమే అది బాన్సువాడకు పంపుతుంది. బాన్సువాడలోని కంప్యూటరు తన కొత్త ఫైలుపై ఒక కిటికీని ఒక్కొక్క బైటు చొప్పున జరుపుతూ, ఆ సంఖ్యలకు సరిపోయే భాగం ఎక్కడ ఉన్నదో వెదకుతుంది. తేలిక సంఖ్య సరిపోయినచోట మాత్రమే రెండవ సంఖ్యను లెక్కించి నిర్ధారించుకొంటుంది.

ప్రతి అడుగులోనూ మొదటి నుండి లెక్కించవలసిన అవసరం లేకపోవడమే ఈ పద్ధతికి ప్రాణం. సరళంగా చెప్పాలంటే, 4, 7, 2, 9 అనే అంకెల మొత్తం 22. కిటికీని ఒక్క అడుగు జరిపితే 4 బయటికి పోయి, 5 లోనికి వచ్చిందనుకోవచ్చు. కొత్త మొత్తానికి నాలుగు అంకెలనూ మళ్ళీ కూడనక్కరలేదు. 22 నుండి 4 తీసివేసి 5 కలిపితే 23 వస్తుంది. అసలు లెక్క దీనికంటె కొంత జటిలమైనదైనా సూత్రం ఇదే. చివరకు బాన్సువాడ నుండి కొత్తగా చేర్చిన మాట, పాత భాగాలను ఎక్కడెక్కడ అమర్చాలో తెలిపే సూచనలు మాత్రమే ప్రయాణిస్తాయి. వాటితో హైదరాబాదులో కొత్త ఫైలు రూపొందుతుంది. రూపొందిన తరువాత మొత్తం ఫైలుకు మరొక గుర్తింపు సంఖ్యను లెక్కించి మూలంతో సరిచూడడం జరుగుతుంది. బ్రౌన్ పండితులు పదం పదం చూసి చేసిన పరిశీలనను ఇక్కడ గణితం నిర్వహిస్తున్నది.

అయితే సాధనం ఎంత సమర్థమైనదైనా ఆజ్ఞ ఇచ్చేవారి జాగ్రత్తకు ప్రత్యామ్నాయం కాదు. ఆజ్ఞలో మూలపు ఫోల్డరు పేరు చివర ఏటవాలు గీత ఉంటే లోపలి వస్తువులు మాత్రమే నకలవుతాయి. గీత లేకుంటే ఫోల్డరుతో సహా నకలవుతాయి. బుట్టలోని కాయలను ఇవ్వడానికి, బుట్టను కాయలతో ఇవ్వడానికి ఉన్న భేదమే ఇది. మూలంలో లేని ఫైళ్ళను నకలులోనూ తొలగించమనే ఆజ్ఞ మరింత ప్రమాదకరం. బాన్సువాడలో ఎవరైనా పొరపాటున ఒక పాటను చెరిపివేస్తే, ఆ తరువాతి వారం హైదరాబాదులోనూ అది చెరిగిపోతుంది. అద్దం ముఖంతో పాటు ముఖం మీది మరకనూ చూపుతుంది కదా! అందుకే నిజంగా నకలు చేయకుండా ఏమి జరగబోతున్నదో ముందుగా చూపే పరీక్షా సౌకర్యం ఆర్‌సింక్‌లో ఉంది. దీనిని డ్రై రన్ అంటారు. దానితో పాటు తేదీలవారీగా వేరువేరు ప్రతులను ఉంచుకోవడం ఉత్తమం.

ఒక వ్యవస్థ నుండి మరొక వ్యవస్థకు నకలు చేసేటప్పుడు తెలుగువారు గమనించవలసిన విశేషం ఒకటి ఉంది. ‘రైతు’ అనే మాటలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా నమోదు చేయవచ్చు: ఒకే గుర్తుగానైనా, ఎత్వం గుర్తు, దాని కింది ఐత్వపు భాగం అనే రెండు గుర్తులుగానైనా. కంటికి రెండూ ఒకటే. మ్యాక్ కంప్యూటర్లలోని పాత ఫైలు వ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలో దాచేది. లినక్స్ మాత్రం ఇచ్చిన రూపాన్ని ఉన్నదున్నట్లు ఉంచుతుంది. ఫలితంగా ‘రైతు పాటలు’ అనే పేరుతో చూపుకు ఒకే తీరుగా కనిపించే రెండు ఫోల్డర్లు ఏర్పడవచ్చు. పేర్ల రూపాన్ని మార్చి పంపే సౌకర్యం ఆర్‌సింక్‌లో ఉన్నా, దానిని కోరితేనే పనిచేస్తుంది. ఇటువంటిదే మరొక చిక్కు. యూనికోడ్ వ్యాప్తికి ముందు అను వంటి ఫాంట్లతో కూర్చిన తెలుగు పుటలు ఎన్నో ఉన్నాయి. ఆ ఫైలును ఒక్క బైటు కూడా మారకుండా నకలు చేసినా, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అది అర్థంలేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది. బైట్లను కాపాడినంత మాత్రాన అర్థం కాపాడినట్లు కాదు.

ఇన్ని జాగ్రత్తలు ఎందుకో ఇటీవలి చరిత్ర చెబుతుంది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి, పది లక్షల పుస్తకాలను డిజిటల్ రూపంలోకి తేవాలని సంకల్పించిన మిలియన్ బుక్ ప్రాజెక్టుకు మార్గదర్శి. అందులో భాగంగా భారతదేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయి పాఠకులకు చేరాయి. కాని 2010వ దశకం ద్వితీయార్ధంలో ఆ వెబ్‌సైటు అందుబాటులో లేకుండా పోయింది. అమెరికాకు చెందిన పబ్లిక్ రిసోర్స్ అనే సంస్థ చొరవతో ఆ సంగ్రహంలోని లక్షల పుస్తకాల నకలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. అందువల్లనే అక్కడి ఎన్నో పాత తెలుగు పుస్తకాలను నేటి విద్యార్థి చదవగలుగుతున్నాడు. మూలం కనుమరుగైనప్పుడు నకలే మూలమైంది.

విలువైన దానికి కనీసం మూడు ప్రతులు ఉండాలని, అవి రెండు రకాల సాధనాలపై ఉండాలని, వాటిలో ఒకటి దూరపు ఊరిలో ఉండాలని నిపుణులు చెబుతారు. నాటి లేఖకుడు ఒక గ్రంథానికి ఒక ప్రతి వ్రాయడానికి నెలల కాలం వెచ్చించేవాడు. నేడు ఆ పని ఒక ఆజ్ఞతో జరుగుతుంది. శ్రమ తగ్గినా బాధ్యత తగ్గలేదు. ఏది దాచదగినదో నిర్ణయించడం, దాచినది చదవదగిన స్థితిలో ఉన్నదో లేదో అప్పుడప్పుడు తెరిచి చూడడం మనిషి పని. బాన్సువాడ పొలాల్లో పుట్టిన పాట మరొక తరానికి వినిపించడం ఆ శ్రద్ధపైనే ఆధారపడి ఉంది.