ఫిజీలో తెలుగు బడి ఎందుకు?

పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న ఫిజీ దీవుల్లో తెలుగు నేర్పాల్సిన అవసరం ఎందుకొచ్చింది? 1903 నుంచి 1916 దాకా మద్రాసులో ఓడెక్కి చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో నాటి విశాఖపట్నం జిల్లావాళ్లు కూడా ఉన్నారు. ఇప్పటి విజయనగరం, బొబ్బిలి అప్పుడు ఆ జిల్లాలోవే. ఒప్పందం అయిదేళ్లు. పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పున్న గదిలో ముగ్గురు మగవాళ్లు గానీ ఒక కుటుంబం గానీ సర్దుకోవాలి. పక్కగదిలో భోజ్‌పురి, ఆ పక్కన తమిళం. చేలో, సంతలో అందరినీ కలిపింది ఫిజీ హిందీయే. ఇంట్లో తెలుగు మాట మిగిలినా, పిల్లలకు అక్షరం దక్కలేదు. అక్షరం రాకపోతే ఊరినుంచి వచ్చిన ఉత్తరం చదువుకోవడం ఎలా?

అందుకే దక్షిణాదివాళ్లు 1926లో నాందీ పట్టణంలో సంగం అనే సంస్థ పెట్టుకుని, తర్వాత రామకృష్ణ మిషన్ సాయం అడిగారు. 1937లో స్వామి అవినాశానంద, 1939లో స్వామి రుద్రానంద వెళ్లారు. రుద్రానంద దశాబ్దాలపాటు అక్కడే ఉండిపోయి బడుల పని చూశారు. సన్యాసికి బడిపని ఏమిటని కొందరు అడగొచ్చు. చదువు లేని కూలీ బిడ్డకు పూజకన్నా ముందు పలక కావాలి. ఆయన ఆ పనే ఎంచుకోవడం సరైనదే. మరి హిందీ వస్తే చాలదా? బతకడానికి చాలు, తాతమ్మ మాట అర్థం కావడానికి చాలదు. అయినా ఈనాడు ఫిజీ తెలుగువాళ్లలో ఎక్కువమంది ఇంట్లో హిందీయే మాట్లాడతారు. ఇది బడి వైఫల్యం కాదు. మద్రాసు నుంచి వెళ్లిన మొదటి ఓడకూ స్వాముల రాకకూ మధ్య ముప్పై ఏళ్లు దాటిపోయాయి, అప్పటికే ఒక తరం హిందీలో పెరిగింది.