హెడ్‌సెట్ కొంటున్నారా? ముందు కొలవండి!

‘హెడ్‌సెట్ మార్చాలన్నా, ఏది మంచిది?’ అని మల్యాల నుంచి ఓ తమ్ముడు మెసేజ్ పెట్టాడు. టెక్ బ్లాగ్ రాసేవాణ్ని కదా! చెవులకు పెట్టుకునేదే అనుకుని నాలుగు మోడళ్ల పేర్లు పంపించాను. ‘అది కాదన్నా, సైకిల్‌ది. నా బీఎంఎక్స్ హ్యాండిల్ తిప్పితే కటకటమంటోంది’ అన్నాడు. నవ్వొచ్చింది. వెంటనే నా బీటెక్ మూడో ఏడాది కూడా గుర్తొచ్చింది. సరిగ్గా ఈ భాగం దగ్గరే అప్పట్లో నేను రూ.900 పోగొట్టుకున్నాను. ఏడాది తర్వాత ఓ ఇంటర్వ్యూలో నన్ను గట్టెక్కించిందీ ఇదే.

అందుకే ఈసారి ఇయర్‌ఫోన్ల ముచ్చట పక్కనపెట్టి సైకిల్ హెడ్‌సెట్ గురించి మాట్లాడుకుందాం. సైకిల్ తొక్కనివాళ్లూ చదవండి. మెకానికల్ ఇంటర్వ్యూల్లో బేరింగ్ మీద వచ్చే ప్రశ్నలు చాలావరకు ఇందులోనే ఉన్నాయి.

ఇంతకీ ఏమిటిది?

సైకిల్ ఫ్రేమ్ ముందు భాగంలో నిలువుగా ఓ పొట్టి గొట్టం ఉంటుంది. అది హెడ్ ట్యూబ్. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ తాలూకు కాడ ఈ గొట్టంలోంచి పైకి వస్తుంది. దాన్ని స్టీరర్ అంటారు. హ్యాండిల్‌ని స్టెమ్ ద్వారా దానికే బిగిస్తారు. ఆ కాడ ఊగకూడదు, కానీ తేలిగ్గా తిరగాలి. అందుకోసం గొట్టానికి పైన ఒకటి, కింద ఒకటి బేరింగ్ ఉంటాయి. ఈ రెండు బేరింగులు, వాటి రింగులు, పైమూత అన్నీ కలిపితే హెడ్‌సెట్. బైక్ మెకానిక్ ‘కోన్ సెట్ పోయింది’ అంటాడే, సైకిల్లో అదే పని చేసేది ఇది.

బీఎంఎక్స్ అంటే 20 అంగుళాల చక్రాలతో ఉండే గట్టి సైకిల్. 1970ల మొదట్లో కాలిఫోర్నియా పిల్లలు మోటోక్రాస్ బైకు పందేలను సైకిళ్ల మీద అనుకరించడంతో ఈ ఆట పుట్టింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బీఎంఎక్స్ రేసింగ్, టోక్యో ఒలింపిక్స్‌లో ఫ్రీస్టైల్ చేరాయి. ఈ సైకిల్‌కి గాల్లోకి ఎగరడం, నేల మీద దిగడం రోజువారీ పని. దిగిన ప్రతిసారీ ఆ దెబ్బ ముందు చక్రం నుంచి ఫోర్క్ గుండా నేరుగా హెడ్‌సెట్‌కే చేరుతుంది. అది వదులైతే ముందు చక్రం మన మాట వినదు. అలా జరిగితే పోయేది పైసలు కాదు, ముందు పళ్లు!

నా తొమ్మిది వందల పాఠం

హాస్టల్ ఖాళీ చేస్తున్న సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్ బీఎంఎక్స్ కొన్నాను. నెలకే హ్యాండిల్ గరగరలాడటం మొదలైంది. ఆన్‌లైన్‌లో వెతికి, స్టార్లు ఎక్కువున్నది చూసి ఆర్డర్ పెట్టేశా. వచ్చింది. గ్రీజు పూసి బిగించా. లోపలికి సాఫీగా వెళ్లింది, భలే అనుకున్నా. సాయంత్రం తొక్కితే పాతదానికంటే ఎక్కువ ఊగుతోంది. ఎంత బిగిస్తే అంత పట్టేస్తోంది, వదిలితే మళ్లీ ఊగుతోంది.

మల్యాలలో సైకిళ్లు బాగుచేసే ఓ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లా. ‘కాకా, కొత్త సామానే ఇట్లయింది’ అన్నా. ఆయన పాత బేరింగ్‌నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, వేలితో తడిమి, ఒక్కటే అడిగాడు: ‘పైసలు వెట్టి కొన్నవ్ గని, కొలిసి కొన్నవా బిడ్డా?’

మర్నాడు కాలేజీ వర్క్‌షాప్‌లో వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాను. పాత బేరింగ్ బయటి వ్యాసం 41.8 మిల్లీమీటర్లు. నేను కొన్నది 41. తేడా 0.8 మిల్లీమీటర్లు, అంతే. కంటికి రెండూ కవలల్లాగే ఉన్నాయి. గ్రీజు పూసేశాను కాబట్టి వాపసు ఇచ్చే దారి కూడా లేదు. మొదటి సెమిస్టర్‌లో రికార్డు బుక్ కోసం మాత్రమే పట్టుకున్న కాలిపర్ ఎందుకో ఆరోజు అర్థమైంది.

ఏది కొనాలి?

బ్రాండు, రంగు, రేటింగ్ తర్వాత. ముందు మీ ఫ్రేమ్ ఏ రకమో చూడండి. హెడ్ ట్యూబ్‌కి పైనా కిందా గిన్నెల్లాంటి కప్పులు బయటికి కనిపిస్తుంటే అది కప్పుల రకం. కప్పులేవీ లేకుండా బేరింగ్ నేరుగా గొట్టంలోపలే కూర్చుంటే ఇంటిగ్రేటెడ్. ఇప్పుడొచ్చే అసలైన బీఎంఎక్స్ ఫ్రేముల్లో ఎక్కువ శాతం ఈ రెండో రకమే.

తర్వాత స్టీరర్ చూడండి. పైన మరలు ఉండి నట్టుతో బిగిస్తే పాత పద్ధతి, థ్రెడెడ్. ఇది తరచుగా ఒక అంగుళం, అంటే 25.4 మి.మీ. ఉంటుంది. మరలు లేకుండా స్టెమ్‌తో బయటి నుంచి బిగిస్తే థ్రెడ్‌లెస్. బీఎంఎక్స్‌లో దీని వ్యాసం సాధారణంగా 28.6 మి.మీ. ఒకదాని హెడ్‌సెట్ ఇంకోదానికి పనికిరాదు.

మూడోది బేరింగ్. దాని పక్కన చెక్కిన అంకెలు చదవండి. బీఎంఎక్స్ ఇంటిగ్రేటెడ్‌లో చెల్లుబాటయ్యేది ఎక్కువగా 41.8 మి.మీ. బయటి వ్యాసం, 45×45. ఈ 45 అనేది వాలు. లోపలి అంచు, బయటి అంచు రెండూ 45 డిగ్రీల కోణంలో ఉంటాయన్నమాట. ఇంకో ప్రమాణంలో 41 మి.మీ., 36×45 ఉంటుంది. నేను పొరపాటున కొన్నది అదే. వాలు కుదరకపోతే బేరింగ్ అంచంతా ఆనదు. బరువంతా సన్నని గీత మీద పడి త్వరగా అరిగిపోతుంది.

ప్యాకెట్ మీద ‘ఐఎస్ 42/28.6’ లాంటి కోడ్ ఉంటే కంగారు పడకండి. ఐఎస్ అంటే ఇంటిగ్రేటెడ్, 42 అంటే హెడ్ ట్యూబ్ లోపలి కొలత, 28.6 అంటే స్టీరర్ కొలత. ‘ఈసీ’ అని ఉంటే బయటి కప్పుల రకం. ఈ కోడ్ మీ కొలతలతో కలిస్తేనే కార్ట్‌లో వేయండి.

నాలుగోది, సీల్. విడి గుండ్లు ఉండే రకం చవక. విప్పి గ్రీజు పెట్టుకోవచ్చు, కానీ దుమ్ము, నీళ్లు తేలిగ్గా చేరతాయి. రబ్బరు సీల్ ఉన్న కార్ట్రిడ్జ్ రకం కాస్త ఖరీదైనా మన మట్టిదారులకు అదే మేలు. అరిగితే ఆ బేరింగ్ ఒక్కటే మార్చుకోవచ్చు.

అయిదోది, పైమూత ఎత్తు. మూత ఎత్తుగా ఉంటే స్టెమ్ పట్టుకోవడానికి స్టీరర్ మిగలదు. అది కుదరకపోతే స్టెమ్ జారే ప్రమాదం. హ్యాండిల్‌ని గుండ్రంగా తిప్పినా బ్రేక్ తీగ మెలిపడకుండా ఉండే ‘గైరో’ మీ సైకిల్‌కి ఉంటే, మూత దానికి సరిపోతుందో లేదో కూడా చూసుకోవాలి. స్టీరర్ అడుగున ఉండే క్రౌన్ రేస్ అనే రింగు చాలా బీఎంఎక్స్ ఫోర్కులకు అందులోనే మలిచి ఉంటుంది. అలాంటప్పుడు ప్యాకెట్‌లో వచ్చిన రింగును దానిపై మళ్లీ వేయకూడదు.

ఇక సిరామిక్ గుండ్లంటూ ఊరించే వాటికి డబ్బు పోయకండి. సిరిసిల్ల మరమగ్గంలో షాఫ్టు గంటలకొద్దీ ఆగకుండా తిరుగుతుంది. అక్కడ వేగం, వేడి లెక్కలోకొస్తాయి. హెడ్‌సెట్ ఎక్కువసేపు అటు కొంచెం ఇటు కొంచెం కదులుతుందంతే. దానికి కావాల్సింది వేగం కాదు, దెబ్బ తట్టుకోవడం. సరైన కొలత, మంచి సీల్, తగినంత గ్రీజు ఉంటే చాలు.

పై బోల్టుతో జాగ్రత్త

పైమూత మీది బోల్టే హ్యాండిల్‌ని పట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. అది బేరింగ్‌ల మీద కొద్దిపాటి ఒత్తిడి పెట్టడానికే. పుస్తకంలో ‘ప్రీలోడ్’ అంటే ఇదే. ముందు స్టెమ్ పక్క బోల్టులు వదులు చేయండి. పై బోల్టును కొంచెం కొంచెంగా బిగించండి. ముందు చక్రాన్ని గోడకు ఆనించి సైకిల్‌ని ముందుకూ వెనక్కూ కదపండి. హెడ్ ట్యూబ్ దగ్గర వేలు పెడితే టక్కుమనే కదలిక తెలియకూడదు. చక్రం పైకెత్తితే హ్యాండిల్ దాని బరువుకు అదే పక్కకు వాలాలి. రెండూ కుదిరాక హ్యాండిల్ నేరుగా పెట్టి, పక్క బోల్టులను ఒకటి మార్చి ఒకటి బిగించండి.

ఇంటిగ్రేటెడ్ బేరింగ్ చేత్తోనే కూర్చోవాలి. సుత్తి పట్టాల్సి వస్తే కొలత తప్పినట్టే. కప్పుల రకంలో మాత్రం కప్పు, గొట్టం కంటే వెంట్రుకవాసి పెద్దదిగా ఉంటుంది. దాన్ని ప్రెస్‌తో ఎక్కించాలి. ఇంటర్‌ఫియరెన్స్ ఫిట్‌కి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. సైకిల్‌ని వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే ఆ జోరు నీళ్లు హెడ్‌సెట్ మీద పడనివ్వకండి. కొత్తది బిగించాక ట్రయల్ కోసం కొండగట్టు ఘాట్ రోడ్డు ఎక్కకండి. ఆ మలుపులు ఎంత ప్రమాదకరమో 2018 బస్సు ప్రమాదంలో చూశాం. ఖాళీ మైదానం చాలు.

ఇంటర్వ్యూలో ఏం జరిగింది?

నా మొదటి ఇంటర్వ్యూలో ‘బేరింగ్ ఎందుకు?’ అనడిగారు. ‘ఫ్రిక్షన్ తగ్గించడానికి సర్’ అన్నాను. ‘ఎప్పుడైనా విప్పి చూశారా?’ అన్నారు. అప్పటికే చూశాను, కానీ సైకిల్ సంగతి ఇంటర్వ్యూలో చెబితే చులకన అవుతానేమోనని నోరు మెదపలేదు. అక్కడితో అయిపోయింది.

రెండోసారి వేరేచోట అదే ప్రశ్న. ఈసారి మొత్తం చెప్పేశాను. కొన్నది, ఊగింది, కొలిచింది, 0.8 మిల్లీమీటర్ల తేడా, రెండోసారి సరైనది బిగించింది. ఒకాయన కాగితం ముందుకు జరిపి, ‘ఇక్కడ మామూలు డీప్ గ్రూవ్ బేరింగ్ ఎందుకు పెట్టలేదు?’ అన్నారు. బొమ్మ గీశాను. దిగినప్పుడు బరువు కాడ వెంట నిలువుగా వస్తుంది, అది యాక్సియల్ లోడ్. చక్రం రాయికి కొట్టుకుంటే పక్క నుంచి తోస్తుంది, అది రేడియల్. రెండూ కలిసొచ్చే చోట కోణంతో ఆనే యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగ్ కావాలి. అందుకే ఆ 45 డిగ్రీలు.

‘మరి పాతది ఎందుకు పోయింది?’ అని ఇంకో ప్రశ్న. ఒకే చోట చిన్న చిన్న కదలికలు, పైన బరువు, లోపల గ్రీజు ఎండిపోవడం. దాంతో గుండ్లు రింగు మీద గుంటలు చేస్తాయి. హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడు ఒకచోట ఆగినట్టు అనిపించేది అందుకే. దీన్ని ఫాల్స్ బ్రినెలింగ్ అంటారు. 1900లో లోహాల గట్టిదనాన్ని కొలిచే పరీక్షను ప్రతిపాదించిన స్వీడన్ ఇంజినీర్ బ్రినెల్ పేరే అది. ఉద్యోగం ఈ ఒక్క జవాబుతోనే వచ్చిందని చెప్పను. కానీ ఆ గదిలో వణుకు తగ్గింది మాత్రం అప్పుడే.

నాచుపల్లి జేఎన్‌టీయూలోనో, కరీంనగర్‌లోనో చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పేది ఇదే. ఎస్‌కేఎఫ్, షాఫ్లర్, టిమ్‌కెన్, జైపుర్‌కి చెందిన ఎన్‌బీసీ లాంటి బేరింగ్ కంపెనీలున్నాయి. లుధియానాలో హీరో, చెన్నైలో టీఐ లాంటి సైకిల్ కంపెనీలున్నాయి. వాటికి దరఖాస్తు చేసేముందు ఇంట్లో ఏదో ఒకటి విప్పండి. సైకిలే కానక్కర్లేదు, ఫ్యానైనా ఫర్వాలేదు, కాకపోతే ముందు ప్లగ్ తీసేయండి. ఏం చెడింది, ఏం కొలిచారు, కారణం ఏమిటి, ఏం మార్చారు, తర్వాత ఏమైంది? ఈ అయిదూ ఒక పేజీలో రాసుకోండి. కొలతలు అంకెల్లో రాయండి. రెజ్యూమెలో ‘హార్డ్ వర్కింగ్’ అన్న మాట కంటే ఆ పేజీ ఎక్కువ మాట్లాడుతుంది.

మల్యాల తమ్ముడు నిన్న ఫొటో పంపాడు. పాత బేరింగ్ మీద కాలిపర్, తెరమీద 41.8. కింద ఒక్క ముక్క: ‘ఇంకా కొనలేదన్నా, ముందు కొలిచిన.’