ఫోన్ స్పెక్స్ చదివేస్తున్నాం, మరి ఫొటోని చదవగలుగుతున్నామా?

కొత్త ఫోన్ లాంచ్ అయితే చాలు, సెన్సార్ సైజు ఎంత, అపర్చర్ ఎంత, ఓఐఎస్ ఉందా లేదా అని గుచ్చి గుచ్చి చూస్తాం. అదే ఫోన్‌కి వాట్సాప్‌లో ఒక ఫొటో వస్తే మాత్రం రెండు సెకన్లు చూసి ఫార్వర్డ్ కొట్టేస్తాం. ఫొటోని చూడటం వేరు, చదవడం వేరు. ఇది ఎలా తయారైంది, ఎప్పటిది, ఏం చూపించి ఏం వదిలేసింది అని అడగగలగడమే విజువల్ లిటరసీ. ఇది ఏ ఫోన్ స్పెక్ షీట్‌లోనూ రాదు, మనమే నేర్చుకోవాలి.

కెమెరా చూసిందా, ఫోన్ గీసిందా?

ముందు మన జేబులో ఉన్న కెమెరా సంగతి చూద్దాం. షట్టర్ ఒక్కసారి నొక్కితే ఫోన్ చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి, నాయిస్ తగ్గించి, రంగులు సరిచేసి ఒక ఫొటో చేతికిస్తుంది. నైట్ మోడ్, హెచ్‌డీఆర్ పనిచేసేది ఇలాగే. ఇక్కడిదాకా ఎదురుగా ఉన్నదాన్నే బాగా చూపిస్తున్నట్టు లెక్క.

2023 మార్చిలో ఒక రెడిట్ యూజర్ ఆ గీత ఎక్కడ దాటుతుందో చూపించాడు. చంద్రుడి ఫొటోని 170×170 పిక్సెల్స్‌కి కుదించి, బ్లర్ చేసి, మానిటర్ మీద పెట్టి, శాంసంగ్ గెలాక్సీ అల్ట్రా ఫోన్‌తో దూరం నుంచి జూమ్ చేసి తీశాడు. మానిటర్ మీద లేని వివరాలు ఫొటోలోకి వచ్చేశాయి! సీన్ ఆప్టిమైజర్ చంద్రుణ్ణి గుర్తుపట్టి ఏఐతో డీటెయిల్ పెంచుతుందని, కావాలంటే ఆఫ్ చేసుకోవచ్చని శాంసంగ్ వివరణ ఇచ్చింది. ఆ తర్వాత పిక్సెల్ 8లో మ్యాజిక్ ఎడిటర్, గెలాక్సీ ఎస్24లో జనరేటివ్ ఎడిట్ వచ్చాయి. ఫొటోలోంచి మనిషిని తీసేయడానికి ఇప్పుడు ఫోటోషాప్ రావక్కర్లేదు, వేలు ఆనిస్తే చాలు.

లిఫ్ట్ వీడియోలో మొదటి సెకను

2023 నవంబర్‌లో రష్మిక మందన్న లిఫ్ట్‌లోకి వస్తున్నట్టు ఒక వీడియో వైరల్ అయింది. అది వేరే అమ్మాయి వీడియో, ముఖం మాత్రం మార్చారు. ఫ్యాక్ట్ చెకర్లు చూపించిన క్లూ చాలా చిన్నది. ఆమె లోపలికి అడుగుపెట్టే మొదటి క్షణంలో అసలు ముఖమే కనిపిస్తుంది, తర్వాతే మారిపోతుంది. ఆపి చూసినవాళ్లకి దొరికింది, స్క్రోల్ చేసినవాళ్లకి దొరకలేదు.

2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌కి చెందిన ఒక యువకుణ్ణి ఢిల్లీ పోలీసులు అరెస్ట్ చేశారు. ఫ్యాన్ పేజీకి ఫాలోవర్లని పెంచుకోవడానికి చేశాడని చెప్పారు. అంటే దీని వెనక పెద్ద ముఠా ఏమీ అక్కర్లేదు, మనలాంటి ఒక కంప్యూటర్, కొంచెం తీరిక ఉంటే సరిపోతుంది. నష్టం మాత్రం ఇద్దరు ఆడవాళ్లకి జరిగింది. ఒకరి ముఖం, ఇంకొకరి శరీరం అడక్కుండా వాడేశారు.

కంచ గచ్చిబౌలి: రెండో వైపు దెబ్బ

ఫేక్ ఫొటోని నిజమని నమ్మడం ఒక ప్రమాదం. ఫేక్‌లు ఉన్నాయి కాబట్టి నిజాన్ని కూడా కొట్టిపారేయడం దానికంటే పెద్దది. 2025 మార్చి చివర్లో హైదరాబాద్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల భూమిలో చెట్లు కొట్టడం మొదలయ్యాక జింకలు, నెమళ్ల ఫొటోలు నెట్ నిండా తిరిగాయి. వాటిలో ఏఐతో చేసినవి ఉన్నాయని తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. జిబ్లీ స్టైల్ బొమ్మ ఒకటి రీపోస్ట్ చేసినందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారిణికి పోలీసులు నోటీసు కూడా ఇచ్చారు. జిబ్లీ బొమ్మ చూడగానే బొమ్మని తెలిసిపోతుంది. ఫొటోలా కనిపించే ఏఐ ఇమేజ్ అలా కాదు. ఈ రెండింటినీ విడదీసి చూడటం కూడా చదవడంలో భాగమే.

మరి అక్కడ నిజంగా ఏం జరిగింది? సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న పనులు ఆపించింది. కోర్టు చెప్పిన మీదట హైకోర్టు రిజిస్ట్రార్ అక్కడికి వెళ్లి చూసి రిపోర్ట్ ఇచ్చారు. దాదాపు 100 ఎకరాల్లో చెట్లు పోయాయని, నెమళ్లు, జింకలు అక్కడ కనిపించాయని అందులో ఉంది. ఫొటోల మీద గొడవ ఎంత నడిచినా, చివరికి నిజం తేలింది ఒక మనిషి వెళ్లి చూడటం వల్ల. మంచి ఉద్దేశంతోనే ఒక ఏఐ ఇమేజ్ షేర్ చేసినా సరే, "అన్నీ ఫేకే" అనడానికి అవతలివాళ్లకి మనమే అవకాశం ఇచ్చినట్టు.

అసలు ఫొటో కూడా అబద్ధం చెప్పగలదు

మా తుని సంగతే తీసుకోండి. 2016 జనవరి 31న కాపు ఉద్యమం సమయంలో ఇక్కడ రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌ని తగలబెట్టారు. మండుతున్న ఆ బోగీల ఫొటోల్లో ఎడిటింగ్ ఏమీ లేదు. కానీ వాటిలో ఒకటి తేదీ లేకుండా ఇవాళ గ్రూపులో పెట్టి "ఇప్పుడే" అని రాస్తే? ఏఐ డిటెక్టర్ సరిగ్గా పనిచేసినా "ఇది నిజమైన ఫొటో" అనే చెబుతుంది. అబద్ధం పిక్సెల్స్‌లో లేదు, క్యాప్షన్‌లో ఉంది. రైలు ప్రయాణంలో ఉన్న కొడుకు కోసం ఎదురుచూసే తల్లి దగ్గరికి ఆ ఫొటో వెళ్తే ఆమె గుండె ఏమైపోవాలి?

ఫార్వర్డ్ కొట్టే ముందు

- గూగుల్ లెన్స్‌లో వెతకండి. పాత ఫొటో అయితే చాలాసార్లు పాత వార్త దొరుకుతుంది.
- వీడియో అయితే మొదటి, చివరి సెకన్లు ఆపి చూడండి. ముఖం అంచులు, పెదాల కదలిక గమనించండి.
- షాపు బోర్డులు, బస్సు మీద రాత, స్టేషన్ పేరు, వాతావరణం క్యాప్షన్‌తో కలుస్తున్నాయా చూడండి. ఏఐ తెలుగు అక్షరాల దగ్గర కొన్నిసార్లు తడబడుతుంది.
- మామూలుగా పంపితే వాట్సాప్‌లో ఎగ్జిఫ్ డేటా పోతుంది. తీసినవాళ్లు తెలిసినవాళ్లయితే ఒరిజినల్‌ని డాక్యుమెంట్‌గా పంపమనండి, తేదీ, ఫోన్ మోడల్ కనిపిస్తాయి.
- పిక్సెల్ 10 లాంటి ఫోన్లు ఫొటోకి కంటెంట్ క్రెడెన్షియల్స్ జత చేస్తున్నాయి. గూగుల్ ఏఐ ఇమేజ్‌లలో సింథ్‌ఐడీ అనే కనిపించని గుర్తు ఉంటుంది. ఉంటే మంచి ఆధారమే, లేనంత మాత్రాన ఫొటో నిజమనీ కాదు, ఫేకనీ కాదు.

వేళ్లు ఆరున్నాయా అని లెక్కపెట్టి ఏఐని పట్టుకునే రోజులు పోతున్నాయి. అలాగని "ఇక ఏదీ నమ్మను" అని కూర్చుంటే నిజంగా జరిగిన అన్యాయం ఫొటో కూడా మన ముందు వృథా అయిపోతుంది. ఇంట్లో ఫోన్ గురించి ఏ డౌట్ వచ్చినా అడిగేది మనల్నే కదా. ఈసారి అమ్మమ్మకి కొత్త ఫోన్ సెట్ చేసి ఇచ్చేటప్పుడు గూగుల్ లెన్స్ వాడటం కూడా నేర్పించండి. ఐదు నిమిషాల పని.