కుడి యెడమల నెరిగిన వెలుగు

కుడికాలి చెప్పును ఎడమకాలికి తొడిగినచో నడక సాగదు. చెప్పులు రెండును అద్దములోని ప్రతిబింబములవలె సమానములే. అయినను ఒకదాని చోట రెండవది ఇమడదు. ఇట్టి జంటలు అణువులలోను కలవు. పరమాణువులు అవియే, బరువు అదియే, కరగు ఉష్ణోగ్రతయు అదియే. అమరికలో మాత్రము ఒకటి కుడిది, ఒకటి ఎడమది.

ఈ భేదమును పట్టియిచ్చినది వెలుగు. సాధారణ కాంతి తరంగములు అన్ని దిశలను కంపించును. ఒకే తలములో కంపించు కాంతిని ధ్రువిత కాంతి యందుము. కొన్ని ద్రవముల గుండా పోవునపుడు ఆ తలము ఒక ప్రక్కకు తిరుగునని 1815లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు బియో కనుగొనెను. 1848లో లూయీ పాశ్చర్ టార్టారికామ్ల లవణపు స్ఫటికములను ఏరి, రెండు రాసులు చేసి, నీట కరగించి చూచెను. ఒక ద్రావణము కాంతితలమును కుడికి, రెండవది ఎడమకు త్రిప్పినది. మన చక్కెర నీరు కుడికి త్రిప్పును. చక్కెర మిల్లులలో ఆ త్రిప్పుటను కొలిచియే రసములో చక్కెర ఎంత గలదో తెలిసికొందురు.

కాంతిని మరమేకు చుట్టువలె మెలితిప్పియు పంపవచ్చును. కుడిమెలిక కాంతిని ఒక జాతి అణువు, ఎడమమెలిక కాంతిని దాని జంట, కొంచెము ఎక్కువగా పీల్చుకొనును. కాని ఆ తేడా తరచు వేయింట ఒక వంతైనను ఉండదు. ఏలన కాంతి ఒక చుట్టు తిరుగుటకు మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు దూరము పట్టును; అణువు అంతకంటె కొన్ని వందల రెట్లు చిన్నది. దానికి ఆ మెలిక దాదాపు తిన్నని గీతయే.

1960లో వెలసిన లేసరు ఇక్కడ అక్కరకు వచ్చినది. 2012లో జర్మనీ శాస్త్రజ్ఞులు కర్పూరపు ఆవిరిపై మెలికగల లేసరు మెరుపులను ప్రయోగించిరి. అణువులు కుడివైనచో ఒక వైపునకు, ఎడమవైనచో దానికెదురు వైపునకు ఎక్కువ ఎలక్ట్రానులు వెడలినవి. ఇప్పుడు తేడా నూటికి కొన్ని వంతులు!

ఇది కేవలము వినోదము కాదు. 1957లో పశ్చిమ జర్మనీలో విక్రయమునకు వచ్చిన థాలిడోమైడు మందులో రెండు జాతులును కలిసి యుండెను. గర్భిణులు దానిని పుచ్చుకొనగా, పలు దేశములలో పదివేలకు పైగా శిశువులు అవయవలోపములతో జన్మించిరి. 1961లో ఆ దేశమున దాని విక్రయము ఆగెను. హానికి మూలము ఎడమ జాతియే యని పిమ్మటి పరిశోధనలు చూపినవి. అయితే కుడి జాతిని మాత్రమే ఇచ్చినను, అది దేహములో కొంత ఎడమదిగా మారును! కావున మందులో ఏ జాతి గలదో చూచుట చాలదు. అది లోపల ఏమగునో కూడ చూడవలెను. అట్టి చూపును మనకు ఇచ్చునది మెలిక నేర్చిన ఈ వెలుగే.