ఏది అడగవచ్చు? ఏది అడగకూడదు?



ఒకసారి మా వార్డుకు ఒక పెద్దాయన వచ్చారు. "సిస్టరమ్మా, ఆ మంచం మీద అమ్మాయికి ఏం జబ్బు? మావాడికి సంబంధం అనుకుంటున్నాం" అన్నారు. చెప్పకూడదన్నాను. "సమాచార హక్కు ఉందిగా, కాగితం పెడతాను" అని కోప్పడ్డారు. ఈ పొరపాటు చాలామందిలో ఉంది.

అడగదగినవి

2005 సమాచార హక్కు చట్టం ప్రభుత్వ సంస్థల పని తెలుసుకోవడానికి వచ్చింది. సర్కారు ఆసుపత్రికి ఏ మందులు వచ్చాయి, ఎన్ని డాక్టరు పోస్టులు ఖాళీ, ఎంత ఖర్చయింది అని ఎవరైనా అడగవచ్చు. కారణం చెప్పనక్కరలేదు. 30 రోజుల్లో, ప్రాణానికి సంబంధించినదైతే 48 గంటల్లో జవాబివ్వాలి.

అడగకూడనివి

ఒకరి జబ్బు, వాడే మందులు వారి సొంత విషయాలని సుప్రీంకోర్టు 2019 నవంబరు తీర్పులో చెప్పింది. హెచ్.ఐ.వి. ఉన్నవారి గోప్యతకు 2017లో ప్రత్యేక చట్టమే చేశారు.

ఎందుకింత జాగ్రత్త? నలుగురికీ తెలుస్తుందన్న భయంతో ఒక తల్లి క్షయ మందులు మధ్యలో మానేసింది. తిరిగి వచ్చేసరికి ఎముకల గూడైంది. ఇంట్లో చిన్నవాడికీ దగ్గు పట్టుకుంది. రహస్యం నిలవని చోటికి రోగి రాడు. జబ్బు మాత్రం ఊరంతా తిరుగుతుంది.

రెండూ ఎదురుపడితే?

చేయని ఆపరేషన్లకు బిల్లులు పెట్టారని అనుమానం ఉందనుకోండి. ఎన్ని ఆపరేషన్లు, ఎంత చెల్లింపు అని పేర్లు లేకుండా అడగండి. కాగితంలో రోగుల పేర్లుంటే వాటిని తీసేసి మిగిలినది ఇమ్మని సెక్షన్ 10 చెబుతుంది. వ్యక్తిగత వివరాల మినహాయింపును 2023 డేటా పరిరక్షణ చట్టంతో మరింత బిగించారు. ఆ మార్పు 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. అయినా సెక్షన్ 8(2) అలాగే ఉంది. కలిగే నష్టంకన్నా ప్రజల మేలు ఎక్కువైతే అధికారి సమాచారం ఇవ్వవచ్చు. అందుకే ఆ మేలేమిటో దరఖాస్తులో స్పష్టంగా రాయండి.

గుర్తుంచుకోండి

* మీ సొంత కేసు కాగితాలు మీ హక్కు. ఏ ఆసుపత్రిలోనైనా అడిగిన 72 గంటల్లో డాక్టరు ఇవ్వాలని 2002 వైద్యమండలి నిబంధన.
* ఆసుపత్రి లెక్కలు అడగండి, పక్కమంచం రోగి జబ్బు అడగకండి.
* విన్నది ఊళ్ళో చెప్పకండి.

ఆ పెద్దాయనతో చివరికి ఇలా అన్నాను: "అబ్బాయి, అమ్మాయి ఇష్టపడితే ఇద్దరూ కలిసి పరీక్షలు చేయించుకోనివ్వండి. చెప్పుకోవలసింది వాళ్ళే చెప్పుకుంటారు. రేపు మీ ఇంటివాళ్ళు ఇక్కడ పడుకున్నా నేను ఇలాగే నోరు మూసుకుంటాను." ఆయన కాసేపు ఆలోచించి తలూపారు.