కుటుంబ పత్రాల డిజిటలీకరణ

కుటుంబ పత్రాల డిజిటలీకరణ అనగా ఒక కుటుంబానికి చెందిన ఉత్తరాలు, దస్తావేజులు, ఛాయాచిత్రాలు, జాతకాలు, శుభలేఖలు, వంశవృక్షాలు వంటి వాటిని స్కానరు లేదా కెమెరా సాయంతో కంప్యూటరులో దాచదగిన ప్రతిరూపాలుగా మార్చడం. కాగితాలు, తాటాకులు చెదలకు, తేమకు లోనై నశిస్తాయి కనుక ఈ పని అవసరమవుతున్నది. అయితే రెండు మూడు తరాల పత్రాలు ఒక్కసారిగా చేతికి వచ్చినపుడు ఎక్కడ మొదలుపెట్టాలో తోచక పలువురు పనిని మధ్యలోనే విడిచిపెడతారు.

భారంగా తోచడానికి కారణాలు

ఒకే ట్రంకుపెట్టెలో భూమి దస్తావేజులు, పెళ్ళి ఫొటోలు, పోస్టుకార్డులు, శిస్తు రసీదులు కలిసిపోయి ఉంటాయి. హైదరాబాదు సంస్థానపు పత్రాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వలన ఒకే పేరు తరం విడిచి తరంలో కనిపిస్తుంది. పని ఎంత ఉన్నదో లెక్క తెలియకపోవడం అన్నింటికంటే పెద్ద కారణం.

ఈ పని పెద్ద సంస్థలకు సైతం దీర్ఘకాలికమైనదే. అమెరికాలో 1894లో ఏర్పడిన యూటా వంశావళి సంఘం 1938లో మైక్రోఫిల్ములు తీయడం ప్రారంభించింది. దాని వారసత్వ సంస్థ అయిన ఫ్యామిలీసెర్చ్ సుమారు 24 లక్షల ఫిల్ము చుట్టల డిజిటలీకరణను 2021లో, అనగా 83 ఏళ్ళ తరువాత, పూర్తిచేసింది.

పని క్రమం

* మొదట చదవకుండా, రకాలవారీగా వేరుచేసి లెక్కించాలి. 2,000 కాగితాలున్నచో, రోజుకు 10 చొప్పున 200 రోజులలో పని ముగుస్తుంది.
* త్వరగా నశించేవాటిని ముందు తీసుకోవాలి. వెలిసిపోతున్న ఫొటోలు, చెద పట్టిన పత్రాలు, ఆడియో క్యాసెట్లు ఈ కోవకు చెందుతాయి. ఒకే రకపు రసీదులు ఆగగలవు.
* పెద్దల జ్ఞాపకాలను వీటన్నిటికంటే ముందు నమోదు చేయాలి. ఫొటో మరికొన్నేళ్ళు నిలవవచ్చును. అందులోనివారిని గుర్తుపట్టగల అమ్మమ్మ ఉండకపోవచ్చును. ఫొటోలు చూపిస్తూ ఆమె మాటలను రికార్డు చేయడం మేలు.
* స్కాను చేసిన రోజునే ఫైలుకు సంవత్సరం, రకం, వరుససంఖ్య తెలిపే పేరు పెట్టాలి. ఉదాహరణ: 1952-ఉత్తరం-003.

సాంకేతిక వివరాలు

ఉత్తరాలకు అంగుళానికి 300 చుక్కలు, చిన్న ఫొటోలకు 600 చుక్కలు సాధారణంగా సరిపోతాయి. ఏ4 కాగితాన్ని రంగులలో 300 చుక్కల వద్ద కుదించకుండా దాచినచో సుమారు 26 మెగాబైట్లు అవుతుంది. 600 వద్ద దానికి నాలుగు రెట్లు. భద్రపరచే ప్రతికి టిఫ్, బంధువులకు పంపే ప్రతికి జేపెగ్ రూపం అనువైనవి. పెళుసుబారిన తాటాకులను స్కానరు మూత క్రింద నొక్కరాదు, కెమెరాతో తీయాలి. చిరుగులకు సెల్లోటేపు అంటించరాదు.

తేదీల నిర్ధారణ

పాత ఉత్తరాలలో తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉండవచ్చును. ప్రభవాది సంవత్సరాలు 60 ఏళ్ళకు ఒకసారి తిరిగి వస్తాయి కనుక నళ నామ సంవత్సరమంటే 1916-17 కావచ్చు, 1976-77 కావచ్చు. తపాలా ముద్ర, బిళ్ళపై ఉన్న రాజు బొమ్మ వంటి ఆధారాలతో దీనిని తేల్చవచ్చును. భూమి పత్రాలలోని ఫసలీ సంవత్సరానికి 590 కలిపిన యెడల సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. నిర్ధారణ కాని తేదీ ప్రక్కన ప్రశ్నార్థకం ఉంచడం మంచి పద్ధతి.

భద్రత

మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒక ప్రతి వేరే ఊరిలో అన్నది ప్రసిద్ధ నియమం. విదేశాలలో ఉన్న పిల్లల వద్ద ఒక ప్రతి ఉంచిన యెడల ఈ నియమం సులభంగా నెరవేరుతుంది. జీవించి ఉన్నవారి వివరాలను వారి అనుమతి లేకుండా బహిరంగపరచరాదు. స్కాను చేసిన తరువాత కూడా మూలప్రతులను పారవేయరాదు. ఆస్తి వివాదాలలో న్యాయస్థానాలు సాధారణంగా మూలప్రతినే కోరతాయి.

ఇవి కూడా చూడండి

* వంశవృక్షం
* తాళపత్ర గ్రంథాలు
* తెలుగు సంవత్సరాలు