పాత బండి – పెద్ద ఇంజను

అంబాసిడర్ కారు 1957లో పుట్టినది. 2014లో దాని తయారీ ఆగినది. ముచ్చటపడి ఆ పాత బండిలో పెద్ద ఇంజను అమర్చుకొనువారు కలరు. కాని రేడియేటరు మార్చుట మరచిపోవుదురు. బలముతోపాటు వేడియు పెరుగును గదా!

వేసవిలో నస్పూరు నుండి బయలుదేరి, నిర్మల్ దాటి మహబూబ్ ఘాటు ఎక్కదలచినవారు ముందుగా రోగమూలము తెలిసికొనవలెను. బండి నిలిచినప్పుడే వేడెక్కి, పరుగులో చల్లబడినచో లోపము ఫ్యానుది. ఎత్తు ఎక్కునపుడు మరిగినచో రేడియేటరు పూడినదో, చాలనిదో కావచ్చును. బయలుదేరిన కొద్దిసేపటికే ఇంజను కాగి, రేడియేటరు చల్లగానే యున్నచో థర్మోస్టాటు తెరచుకొనలేదని అనుమానింపవలెను. మాటిమాటికి నీరు పోయుట చికిత్స కాదు.

ఇంజను చల్లారకముందు రేడియేటరు మూత తీయరాదు. ఒత్తిడిలో నూరు డిగ్రీలు మించియు మరగని నీరు, మూత తీసినంతనే ఆవిరియై ముఖముపైకి చిమ్మును. విద్యార్థికిది భౌతికశాస్త్ర పాఠము, ప్రయాణికునకు ప్రాణరక్షణము.